పరీక్షల ముందు పాటలు బంద్ చేయొచ్చా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఫిబ్రవరి వచ్చిందంటే మహబూబ్‌నగర్‌లో నా దగ్గరికి ఇంటర్ పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చే తల్లిదండ్రులది ఒకటే మాట. "మేడం, పొద్దంతా చెవుల వైర్లే. ఇగ చదువు ఏమెక్కుతది? మీరన్న జెర గట్టిగ చెప్పుండ్రి." జడ్చర్ల నుంచి వచ్చినవాళ్లైనా, దేవరకొండ నుంచి వచ్చినవాళ్లైనా ఇదే ఫిర్యాదు. చాలా ఇళ్లలో అప్పటికే పాటలు బంద్ అయిపోయి ఉంటాయి. పిల్లలకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ అపోహే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: పరీక్షలు అయ్యేదాకా పాటలు పూర్తిగా మానేస్తేనే మార్కులు వస్తాయి.

వాస్తవం: టెన్షన్ పడుతున్న పిల్లల ఒంట్లో గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, మెడ, భుజాలు బిగుసుకుపోతాయి. ఆ స్థితిలో నాలుగు గంటలు కూర్చోబెట్టినా తిప్పిన పేజీయే మళ్లీ తిప్పుతారు. నచ్చిన పాట, అందులోనూ నెమ్మదిగా సాగేది, కాసేపు వింటే ఆ బిగువు సడలుతుంది. 104 ప్రయోగాల ఫలితాలను కలిపి పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో సంగీతం వల్ల ఒంట్లోని ఒత్తిడి లక్షణాలూ, మనసులోని ఆందోళనా రెండూ తగ్గాయని తేలింది. ఇంట్లో పాటలు బంద్ చేసినప్పుడు పోయేది ఈ ఊరటే. దాని బదులు మనం ఇంకేమీ ఇవ్వడం లేదు.

తల్లిదండ్రుల భయంలో నిజం కూడా ఉంది, కాదనను. పాట వింటూ బట్టీ పట్టడం దండగ. చదివేటప్పుడు మనం లోపల మాటలు పలుకుతూనే ఉంటాం. చెవిలో పాట మాటలు పడితే అవి వీటికి అడ్డం వస్తాయి. 1980లలోనే ఈ ప్రయోగాలు చేశారు. అంకెల వరుస గుర్తుపెట్టుకోమని చెప్పి పాట వినిపిస్తే తప్పులు పెరిగాయి. మాటలు లేని సంగీతంతో నష్టం తక్కువ. 2011లో బ్రిటన్‌లో చేసిన ప్రయోగంలో తమకు నచ్చిన పాట వింటూ గుర్తుపెట్టుకున్నవాళ్లు కూడా, నచ్చని పాట విన్నవాళ్లలాగే వెనకబడ్డారు. అందుకే "నాకు పాట ఉంటేనే చదువు ఎక్కుతుంది మేడం" అనే పిల్లలకు నేను ఒకటే చెప్తాను: ఆర్గానిక్ కెమిస్ట్రీ రియాక్షన్లు చదివేటప్పుడు పాట ఆపెయ్, పుస్తకం మూసినప్పుడు పెట్టుకో. వచ్చిన లెక్కలే మళ్లీ చేస్తున్నప్పుడు వేణువో, కిన్నెరో సన్నగా వినిపిస్తే కొందరికి ఇబ్బంది ఉండదు. పెళ్లిళ్ల సీజన్‌లో వీధిలో డీజే మోగుతుంటే మాత్రం ఆ గంట బట్టీ పట్టాల్సిన పాఠం పక్కన పెట్టి ఇలాంటి లెక్కలే చేసుకోండి.

యాభై నిమిషాలు చదివాక పది నిమిషాలు లేచి నాలుగడుగులు నడుస్తూ రెండు పాటలు వినడం చాలామందికి పనికొస్తుంది. ఏ పాటలన్నది పిల్లల ఇష్టం. బతుకమ్మ పాటైనా సరే, సినిమా పాటైనా సరే. మనం ఎంచి ఇచ్చిన భక్తి పాట వాళ్లకు పడకపోతే దానితో ఊరట రాదు.

ఒకమ్మాయి గుర్తొస్తుంది. బైపీసీ. ఇంట్లో ఫోన్ తీసేసుకున్నారు. రాత్రిళ్లు నిద్ర లేదు, పొద్దున పుస్తకం తెరిస్తే ఏడుపు. అమ్మను పక్కన కూర్చోబెట్టి అడిగితే చివరికి అసలు సంగతి బయటపడింది. "పాటలతోని నాకేం లేదు మేడం. పాట కోసమని ఫోన్ పడుతది, రీల్స్‌ల పడి గంట పోతది." ఆమె బాధ న్యాయమైనది. తెర చేతిలో ఉంటే పది నిమిషాలు పది నిమిషాలుగా ఉండవు. మరి దానికి పాటనెందుకు శిక్షించాలి? వాళ్లింట్లో మూలన పడి ఉన్న కీప్యాడ్ ఫోన్‌లో మెమరీ కార్డు వేసి, ఆ అమ్మాయి అడిగిన పాటలు ఎక్కించమన్నాను. తల్లి ఆ సాయంత్రమే మొబైల్ షాపుకు వెళ్లింది. నిద్ర కుదురుకున్నాక ఏడుపు తగ్గింది. పరీక్షలన్నీ రాసింది.

నేను నల్లగొండలో రామగిరిలో అద్దె గదిలో ఉండి ఇంటర్ చదువుకున్నాను. ఇల్లుగల్ల అవ్వ సాయంత్రం అన్నం వండుతూ రేడియో పెట్టేది. మేం పుస్తకాలు మూసి గడప మీద కూర్చుని వినేవాళ్లం. "జెర సేపు ఇనుండ్రి బిడ్డా, మళ్ల సదువుకుందురు" అనేది. ఆ ఇంట్లో పాటకూ చదువుకూ తగవు ఉండేది కాదు.

పడుకునే ముందు పాటలు వింటే నిద్ర చెడుతుందనేవాళ్లకు ఒక మాట. 2008లో హంగరీ పరిశోధకులు సరిగా నిద్రపట్టని 94 మంది విద్యార్థులను తీసుకొని, కొందరికి మూడు వారాలపాటు రోజూ పడుకునే ముందు 45 నిమిషాలు ప్రశాంతమైన శాస్త్రీయ సంగీతం వినిపించారు. వాళ్ల నిద్ర మెరుగుపడింది. ఆడియో పుస్తకాలు విన్నవాళ్లకు ఆ ఫలితం రాలేదు. పాట పెట్టి ఫోన్ దూరంగా బోర్లించండి, చాలు.

అపోహ: పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త మొజార్ట్ సంగీతం వింటే తెలివి పెరుగుతుంది.

వాస్తవం: 1993లో అమెరికాలో కొద్దిమంది కాలేజీ విద్యార్థులపై చేసిన చిన్న ప్రయోగం నుంచి పుట్టిన మాట ఇది. మొజార్ట్ విన్నాక ఆకారాలను ఊహించే ఒక రకం ప్రశ్నల్లో వాళ్లు కాస్త మెరుగ్గా చేశారు, ఆ ప్రభావం పావుగంట కూడా నిలవలేదు. మనసు హుషారుగా ఉండటమే దానికి కారణమని తర్వాతి ప్రయోగాలు చూపాయి. వాట్సాప్‌లో వచ్చే "ఆల్ఫా తరంగాలు", "432 హెర్ట్జ్" ట్రాక్‌లతో ర్యాంకు వస్తుందనేది పుకారు. వాటికి పైసలు కట్టకండి.

అపోహ: విషాద గీతాలు వింటే పిల్లలు కుంగిపోతారు.

వాస్తవం: బాధలో ఉన్నప్పుడు బాధ పాట చాలామందికి తోడుగా ఉంటుంది. అదే పాట గంటలకొద్దీ తిప్పి తిప్పి వింటూ ఎవరితోనూ మాట్లాడకపోతే మాత్రం పక్కన కూర్చుని అడగండి.

చెవుల గురించి: 80 డెసిబెల్స్ మోతలో వారానికి 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మోత పెరిగేకొద్దీ ఆ సమయం తగ్గుతుంది.

పాట అన్నింటికీ మందు కాదు. నిద్ర, తిండి రెండూ పోయినా, "నేను లేకపోతే మీకు బాగుంటది" లాంటి మాట బిడ్డ నోటి నుంచి వచ్చినా ఫలితాల దాకా ఆగకండి. మానసిక ఇబ్బందుల్లో సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళైనా చేయొచ్చు, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలు చేసినా సరే, మీరు చేసినా సరే.