‘తెలీదు బాబూ’: శ్రీకాకుళం కొండల్లో మిగిలిపోయిన భయం

మందస కొండల కింద సవర గిరిజనుల ఊరు ఒకటి. అక్కడ నాకు తెలిసిన ముసలమ్మ ఇంట్లో దూలానికి ఒక మూట వేలాడుతుంటుంది. అందులో చోడిపిండి, ఉప్పు, అగ్గిపెట్టె, ఒక పాత చీర. పురుగు పట్టకముందే పిండి మారుస్తుంది, మూట మాత్రం దించదు. ఎందుకమ్మా అంటే, “పారిపోవాల్సొస్తేనో బాబూ” అంది, రేషన్ కార్డు సంగతి చెప్పినంత మామూలుగా. 1969లో ఆమెకు పదేళ్లుంటాయి. పోలీసు జీపు చప్పుడు వినపడగానే తల్లి ఇలాంటి మూటే లాక్కుని పిల్లలతో కొండెక్కేదట. “ఇప్పటికీ రేత్రి బండి సప్పుడైతే కాళ్లూ సేతులూ ఆడవు. తెల్లార్లూ నిద్దరట్టదు.” ఆమె ఆసుపత్రి చీటీలో గుండెదడ, నీరసం అని రాసి ఉంది. ఇచ్చినవి గ్యాస్ మాత్రలు, బలం మాత్రలు.

శ్రీకాకుళం గిరిజన పోరాటం నడిచిన ఆ ఏళ్లలో ఏం జరిగిందో పైపైన చాలామందికి తెలుసు. షావుకార్ల అప్పులు, చేజారిన భూములు, కంబారి (పాలేరు) పని. వీటి మీద గిరిజన సంఘం లేచింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు మహాసభకు వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. మరుసటి ఏడాది కోర్టులో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు, 1968 చివరికి సాయుధ పోరాటం మొదలైంది. తర్వాత రెండేళ్లూ దాడులు, గాలింపులు, ఎన్‌కౌంటర్లు. పోరాటం నడిపినవాళ్లలో 1969 మే 27న పంచాది కృష్ణమూర్తి, ఆ డిసెంబరులో సుబ్బారావు పాణిగ్రాహి, పంచాది నిర్మల చనిపోయారు. 1970 జులై 10న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం. పోరాటం దాదాపు అక్కడితో అణగిపోయింది. పోరాటంలో ఉన్నవాళ్ల మీద పెట్టిన పార్వతీపురం కుట్ర కేసు మాత్రం ఏళ్ల తరబడి నడిచింది.

పోరాటం వల్ల ప్రభుత్వం కదిలిన మాట నిజం. 1970లో వచ్చిన ఒకటి బై డెబ్బై చట్టం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కట్టడి చేసింది. గిరిజనాభివృద్ధి సంస్థ వచ్చింది, రోడ్లు వచ్చాయి. భూమికి దస్త్రం ఉంది, కేసుకు దస్త్రం ఉంది. పలాస దగ్గర బొడ్డపాడులో అమరులకు స్థూపం ఉంది. అడవిలో దాక్కుని, ఇంటికొచ్చి, మళ్లీ కంబారి పనికో పోడుకో పోయినవాళ్ల గుండెల్లో ఏం మిగిలిందో చూడటానికి మాత్రం ఎవరికీ తోచలేదు.

తోచకపోవడానికి కారణం ఉంది. అప్పటికి దానికి పేరే లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో వణికిపోయిన సైనికుల గురించి ‘షెల్ షాక్’ అన్నారు గానీ అది సైనికుల మాట. వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన అమెరికన్ల బాధ చూశాకే, 1980లో అక్కడి వైద్యులు పీటీఎస్‌డీని, అంటే ఘోరం చూశాక ఏళ్ల తరబడి వదలని భయాన్ని, జబ్బుల పట్టికలో చేర్చారు. మన దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది, జిల్లా స్థాయి కార్యక్రమం 1996లో. అంటే ఆ పదేళ్ల పిల్ల పెళ్లయి, పిల్లల తల్లయి, దాదాపు అమ్మమ్మ అయ్యేదాకా ఆమె దడకు వైద్యం వైపునుంచి కబురే లేదు.

కబురు వచ్చాక కూడా అది ఈ ఊళ్ల దాకా రాలేదు. ఇక్కడే నాకు అసలు విషయం కనపడుతుంది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1999 ఒడిశా తుఫాను తర్వాత బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు స్థానిక డాక్టర్లకు, కార్యకర్తలకు మనోధైర్యం ఇచ్చే పని నేర్పారు. తుఫాను బాధితుడు తన గోడు ఎవరికైనా చెప్పుకోవచ్చు. సాయుధ ఘర్షణ నడిచిన ఊళ్లో అలా చెప్పుకుంటే ప్రమాదం. ఎవరు వచ్చారు, ఎటు పోయారు, అన్నం ఎవరు పెట్టారు అని అడిగితే “తెలీదు బాబూ” అన్నవాళ్లే బతికి బయటపడ్డారు. తర్వాత ఆంధ్రా ఒడిశా సరిహద్దులో మావోయిస్టుల కాలంలోనూ అదే మాట. వైద్యుడు కూడా కేసు షీటు ముందు పెట్టుకుని పేరేంటి, ఊరేంటి, ఆ రోజు ఎక్కడున్నావు అనే మొదలుపెడతాడు. తెల్లచొక్కా అయినా ఖాకీ అయినా ప్రశ్న ఒకటే అయితే జవాబూ ఒకటే వస్తుంది.

పోలీసుల ఇళ్లలో భయం కూడా దీన్లో భాగమే. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో పోలీసుల పడవ మీద మావోయిస్టుల దాడి జరిగి 38 మంది పోయారు, ఎక్కువమంది నక్సల్స్‌ను గాలించే ప్రత్యేక దళం గ్రేహౌండ్స్ కుర్రాళ్లే. అలా పోయినవాళ్ల ఇళ్లలో ఫోను మోగితే ఉలిక్కిపడే భార్యలుంటారు, తల్లులుంటారు. తీవ్రవాద హింసలో చనిపోయిన పౌరుల కుటుంబాలకు కేంద్రం 2008లో 3 లక్షల సాయం పథకం పెట్టి, తర్వాత 5 లక్షలు చేసింది. డబ్బు కావాలి, కాదనను. అయితే ఆ డబ్బు చేతికిచ్చాక నిద్ర పడుతోందా అని అడిగే మనిషి ఆ లెక్కలో లేడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వేసిన అంచనా ప్రకారం, గత పదేళ్లలో ఘర్షణ చూసిన ప్రాంతాల్లో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది. అందరికీ సైకియాట్రిస్టు అక్కర్లేదు. ఐక్యరాజ్య సమితి సంస్థలు, ఇతర సహాయ సంస్థలు కలిసి 2007లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ పనిని నాలుగు అంతస్తులుగా చెప్పాయి. అడుగున తిండి, నీడ, భద్రత. దానిపైన కుటుంబం, ఊరు తిరిగి ఒకటవడం. ఆపైన కాస్త శిక్షణ ఉన్న మనిషి ఓదార్పు. చివర్లో, కొద్దిమందికే, మందులూ డాక్టరూ.

రెండో అంతస్తు సవరలకు కొత్తేం కాదు. ఒడిశా వైపు సవరల్లో చనిపోయినవాళ్లు పూనకంలో పూజారిణి నోట మాట్లాడేవాళ్లు. ఇంటిల్లిపాదీ కూర్చుని వాళ్లతో పోట్లాడేవాళ్లు, ఏడ్చేవాళ్లు, చావు ఎలా వచ్చిందో అడిగేవాళ్లు. చనిపోయినవాడి పేర రాయి నిలబెట్టేవాళ్లు. శవం ఊరికి చేరకపోతే, ఆ చావు గురించి నోరెత్తితేనే కేసవుతుందంటే, ఆ రాయి ఎవరు నిలబెడతారు?

భాష సంగతి ఇంకొకటి. సవర నేర్చుకుని నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పుట్టింది ఈ జిల్లాలోనే. ఈనాటికీ కొండ మీది ముసలివాళ్లు తమ గాభరాను పరాయి మాటల్లో చెప్పుకోవాల్సి వస్తోంది. 2022 అక్టోబరులో వచ్చిన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ. పట్నంలో టెన్షన్‌తో నలిగే కుర్రాడికి అది పెద్ద ఆసరా. కొండవార ఊళ్లో సిగ్నల్ దొరికినా, ముక్కూమొహం తెలియని గొంతుకు ఆ ముసలమ్మ ఏం చెబుతుంది?

చివరికి ఆమె చెప్పింది ఊరి ఆశ కార్యకర్తకు, సవరలోనే. ఆ అమ్మాయి ఏమీ అడగలేదు. పక్కన కూర్చుని చింతపండు పిక్కలు తీసింది, అంతే. నాలుగోసారి వచ్చినప్పుడు ముసలమ్మ తనంతట తనే తమ్ముడి సంగతి ఎత్తింది. రెండేళ్లవాడు. వానలో కొండ మీద దాక్కున్నప్పుడు జ్వరం వచ్చింది. ఏడుపు కిందికి వినపడుతుందని తల్లి వాడి నోరు కొంగుతో అదిమి పట్టుకుందట. మూడో రోజు పోయాడు. తూటా తగల్లేదు గనక ఏ లెక్కలోనూ లేడు, ఏ స్థూపం మీదా పేరు లేదు. ఈ మాట యాభై ఏళ్లలో ఆమె ఎవరితోనూ అనలేదు.

వచ్చే నెల ఇద్దరూ కలిసి జిల్లా ఆసుపత్రికి వెళ్లి మానసిక వైద్యుడికి చూపించుకుంటామన్నారు. బస్సులో కిటికీ పక్క సీటు కావాలంది ముసలమ్మ. మూట దించమని ఆశ అమ్మాయి ఇంకా అడగలేదు.