నెల్లూరు వరి మడీ, అంగారకుడి మీథేనూ

1990 డిసెంబరులో గెలీలియో వ్యోమనౌక బృహస్పతికి పోతూ దారిలో భూమి పక్కనుంచి వెళ్లింది. మన గురుత్వాకర్షణతో వేగం పెంచుకోవడానికి వేసిన దారి అది. అమెరికా ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ బృందం ఆ సందు చూసుకుని ఓ తమాషా పరీక్ష పెట్టింది: భూమి గురించి మనకేమీ తెలియదనుకుని, ఈ నౌక పరికరాలు చూసినదాన్ని బట్టే ఇక్కడ జీవం ఉందని చెప్పగలమా? చెప్పొచ్చనే తేలింది. 1993లో అచ్చయిన ఆ ఫలితాల్లో రేడియో సంకేతాలున్నాయి, మొక్కలు ఎర్ర కాంతిని పీల్చుకునే తీరు ఉంది. నన్ను ఎక్కువ పట్టుకున్నది మాత్రం ఆక్సిజన్, మీథేన్ ఒకే గాలిలో ఉండటం.

ఆ రెండూ ఒకచోట ఇమడవు. మన గాలిలో మీథేన్ సుమారు పదేళ్లకు మించి నిలవదు, విరిగిపోతుంది. అయినా తరగకుండా ఉందంటే కిందనుంచి ఎవరో ఆపకుండా వదులుతున్నారన్నమాట. అందులో మా నెల్లూరు జిల్లా వాటా కూడా ఉంది. పెన్నా కాలువల కింద నాట్లేసిన మడిలో కాలు పెడితే బురదలోంచి బుడబుడమని బుడగలొస్తాయి చూడండి, వాటిలో ఉండేది ఇదే. నీళ్లు నిలిచిన బురదకు గాలి అందదు. అక్కడ బతికే ఆర్కియా అనే సూక్ష్మజీవులు, కుళ్లిన మోళ్లు, ఆకులు చివికాక మిగిలినదాన్ని మీథేన్‌గా మారుస్తాయి. బుడగల్లో పోయేది కొంతే. ఎక్కువ భాగం వరి మొక్క లోపలి గాలి గదుల గుండా పైకి వెళ్లిపోతుంది. శ్రీహరికోట రాకెట్ ఎంత మంట చిమ్మినా పక్క నక్షత్రం వాడికి కనపడదు. ప్రపంచంలోని మడులు, చిత్తడి నేలలు, పశువులు కలిసి వదిలే ఈ వాయువు మాత్రం, వాడి దగ్గర మంచి టెలిస్కోప్ ఉంటే, కనపడొచ్చు. (రైతులు ఆరుతడికి మారితే మీథేన్ తగ్గుతుంది. తగ్గితేనే మంచిది, వాడి సంగతి తర్వాత.)

2013 నవంబరు 5న ఆ శ్రీహరికోట నుంచే బయల్దేరిన మంగళయాన్‌లో మీథేన్‌ను వెతికే సెన్సార్ ఉండేది. అంగారకుడి నేల మీద తిరిగే క్యూరియాసిటీకి 2019 జూన్‌లో వంద కోట్ల పాళ్లలో 21 పాళ్ల మీథేన్ తగిలింది. పైన తిరిగే యూరప్ వారి ట్రేస్ గ్యాస్ ఆర్బిటర్‌కేమో ఆ జాడే లేదు. ఈ తగువు ఇంకా తెగలేదు. తెగినా జీవం ఉన్నట్టు కాదు, ఎందుకంటే ఆలివిన్ అనే ఖనిజం ఉన్న రాళ్లతో నీరు కలిసి జరిగే మార్పుల్లోనూ మీథేన్ పుట్టగలదు. శని ఉపగ్రహం టైటాన్ మీదైతే మీథేన్ సరస్సులే ఉన్నాయి.

2025 ఏప్రిల్‌లో వేరే నక్షత్రం చుట్టూ తిరిగే కె2-18బి అనే గ్రహం గురించి పెద్ద హడావుడి జరిగింది. 124 కాంతి సంవత్సరాల దూరం. మన సముద్రాల్లో సూక్ష్మమైన నాచుజీవుల వల్ల పుట్టే డైమిథైల్ సల్ఫైడ్ ఛాయలు, జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చూపులో ఉండొచ్చని కేంబ్రిడ్జిలోని నిక్కు మధుసూదన్ బృందం చెప్పింది. అదే డేటాను మళ్లీ లెక్కగట్టిన వేరేవాళ్లు ఒప్పుకోలేదు. నన్ను పందెం కాయమంటే 'లేదు' వైపే కాస్తాను. అక్కడ మీథేన్ ఉన్న మాట నిజమే, 2023లోనే బయటపడింది. కానీ హైడ్రోజన్ నిండి ఉందనుకుంటున్న గాలిలో మీథేన్ ఉండటం వింతేమీ కాదు. పక్కన ఆక్సిజన్ ఉంటే అప్పుడు వింత.

సూర్యుడిలాంటి నక్షత్రం పక్కన, భూమంత గ్రహం మీద ఆ జంటను పట్టుకోవడం వెబ్‌కు తలకు మించిన పని. నక్షత్రం వెలుగులో వెయ్యి కోట్ల వంతు మాత్రమే ఆ గ్రహానిది. నక్షత్రం వెలుగును అడ్డుకుని గ్రహాన్ని విడిగా చూసే హ్యాబిటబుల్ వరల్డ్స్ అబ్జర్వేటరీని 2040లలో పంపాలని నాసా ఆలోచన, నిధులు మధ్యలో ఆగకపోతే.