కళ్ళ కింది నల్లని వలయాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: నిద్ర చాలకపోవడం వల్లనే కళ్ళ కింద నలుపు వస్తుంది.

వాస్తవం: ఒంగోలులో చర్మవ్యాధులకు వైద్యం చేసే నాకు ఎక్కువగా వినిపించే మాట ఇదే. పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర మంట చూసుకుంటూ రాత్రంతా మేలుకునే కొండపి రైతు, పరీక్షలకు చదివే విద్యార్థిని ఇద్దరూ తప్పంతా నిద్ర మీదికే నెడతారు. నిద్ర తగ్గినప్పుడు చర్మం పాలిపోయి, అప్పటికే ఉన్న నలుపు కొట్టొచ్చినట్టు కనిపించే మాట నిజమే గాని, ఏళ్ళ తరబడి నిలిచిన నలుపుకు అసలు కారణం సాధారణంగా వేరే ఉంటుంది. కనురెప్పల చర్మం సుమారు అర మిల్లీమీటరు మందమే కాబట్టి అక్కడి మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం), చర్మం కింది రక్తనాళాలు, వయసుతో ఏర్పడే గుంట తాలూకు నీడ, ఈ మూడూ పైకి నలుపుగానే కనిపిస్తాయి. కింది రెప్ప చర్మాన్ని మెల్లగా లాగినప్పుడు గోధుమ రంగు మారకుండా ఉంటే మెలనిన్‌ను, నీలి ఛాయ ముదిరితే రక్తనాళాలను అనుమానిస్తాము. ముఖానికి ఎదురుగా వెలుతురు పడగానే నలుపు పోతే అది నీడే. చాలామందిలో ఇవి కలిసే ఉంటాయి. తల్లిదండ్రుల నుంచి సంక్రమించడమూ సాధారణమే.

అపోహ: కళ్ళు రుద్దుకోవడానికీ ఈ నలుపుకూ సంబంధం లేదు.

వాస్తవం: ఉంది, చాలా ఉంది. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ములో పనిచేసేవారైనా, ఎలర్జీతో ఏడాది పొడుగునా తుమ్మేవారైనా దురద తట్టుకోలేక రోజూ కళ్ళు రుద్దుకుంటే, ఆ ఒరిపిడికే చర్మం మెలనిన్‌ను పెంచుకుంటుంది. దురద తగ్గించకుండా పూతలు మార్చుకుంటూ పోవడం డబ్బు దండగ.

అపోహ: మందుల షాపులో ఇచ్చే తెల్లబరిచే క్రీము త్వరగా పనిచేస్తుంది.

వాస్తవం: త్వరగా పనిచేసినట్టు కనిపించడమే దానితో వచ్చిన చిక్కు. ఇలాంటి క్రీముల్లో చాలావాటిలో మోమెటాసోన్ వంటి స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిసి ఉంటాయి. వైద్యుల పర్యవేక్షణ లేకుండా కంటి చుట్టూ నెలల తరబడి రాస్తే అసలే పలచనైన చర్మం ఇంకా పలచబడి, రక్తనాళాలు బయటపడి, నలుపు ఎక్కువవుతుంది; స్టెరాయిడ్ కంటిలోకి చేరితే నీటికాసులు (గ్లాకోమా), శుక్లాలు వచ్చే ప్రమాదమూ ఉంది. పక్కింటివారికి పనిచేసిందన్న కారణంతో ఆ ట్యూబు కొనవద్దు.

అపోహ: కీరదోస ముక్కలు, నిమ్మరసం పెడితే పోతుంది.

వాస్తవం: కీరదోస చల్లదనానికి ఉబ్బు కాసేపు తగ్గుతుంది, అంతే. నిమ్మరసం మాత్రం చర్మాన్ని మండించి కొత్త మచ్చ తెచ్చిపెట్టగలదు.

అపోహ: ఒక్కసారి లేజరు చేయిస్తే చాలు.

వాస్తవం: లేజరు కొందరికి మెలనిన్‌ను తగ్గిస్తుంది గాని నీడకు పనిచేయదు, గుంట లోతుగా ఉన్నవారికి దాన్ని నింపే ఫిల్లర్ ఇంజెక్షన్ ఉపయోగపడవచ్చు. మన చర్మఛాయలో లేజరు మోతాదు మించితే నలుపు తిరిగి ముదురుతుంది కాబట్టి, ముందు కొన్ని నెలలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, విటమిన్ సి లేదా కోజిక్ ఆమ్లం ఉన్న పూతతో చూస్తాను. రక్తహీనత లక్షణాలు ఉన్నవారికి హిమోగ్లోబిన్ పరీక్ష రాస్తాను. నీటికాసులకు వేసుకునే కొన్ని చుక్కల మందులు కూడా రెప్పలను నల్లబరుస్తాయి కాబట్టి, అవి వాడేవారు వాటిని సొంతంగా ఆపకుండా కంటి వైద్యులతో మాట్లాడాలి.