పానిక్ ఎటాక్ వచ్చిందంటే పానిక్ డిజార్డర్ ఉన్నట్టేనా?

నా దగ్గరికి వచ్చేవాళ్ల ఫైలు నిండా ఈసీజీలుంటాయి. ఎకో, ట్రెడ్‌మిల్, థైరాయిడ్ రిపోర్టులు కూడా. అన్నీ నార్మలే. "అన్నీ బాగున్నాయంటారేంటి డాక్టర్ గారూ, ఆ రోజు నా ప్రాణం పోయినంత పనైంది" అంటారు. పోయినంత పని అయిందనే నేనూ నమ్ముతాను. నాకు చిరాకల్లా ఆ పక్కన చేరి "ఇది పానిక్ డిజార్డర్, ఇక జన్మంతా మందులే" అని తేల్చేసే పెద్దమనుషుల మీదే.

అపోహ: ఒక్క ఎటాక్ వస్తే చాలు, డిజార్డరే.

కాదు. భయం ఒక్కసారిగా ఎగదన్ని, నిమిషాల్లో తారస్థాయికి చేరడం ఎటాక్. గుండె దడ, ఆయాసం, చెమటలు, వణుకు, చేతులు తిమ్మిరెక్కడం, చచ్చిపోతానన్న భయం లాంటి 13 లక్షణాల్లో కనీసం 4 కలిసి వస్తాయి. డిప్రెషన్ ఉన్నవాళ్లకీ వస్తుంది, ఏ జబ్బూ లేనివాళ్లకీ వస్తుంది. అందుకే 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక జబ్బుల్ని నిర్ధారించడానికి డాక్టర్లు చూసే అమెరికన్ పుస్తకం) దాన్ని విడిగా ఒక జబ్బు కింద లెక్కగట్టలేదు. డిజార్డర్ అనాలంటే ఎటాక్‌లు ఏ కారణమూ కనపడకుండా మళ్లీ మళ్లీ రావాలి. దానికి తోడు, మళ్లీ వస్తుందేమోనన్న బెంగో, ఆ భయంతో అలవాట్లు మార్చుకోవడమో కనీసం నెల రోజులు సాగాలి. థైరాయిడ్, మత్తు పదార్థాల వంటివి కారణం కాకూడదు. అందుకే ఎటాక్ ఎంత భయంకరంగా ఉందో ఒకసారి వింటాను. మధ్యలో రోజులు ఎలా గడిచాయో మాత్రం గుచ్చి గుచ్చి అడుగుతాను.

అపోహ: వచ్చిన చోటికి వెళ్లకపోతే సరిపోతుంది.

మనుషుల్ని నిజంగా ముంచేది ఇదే. ఇంట్లోవాళ్లు ప్రేమతో ఇచ్చే సలహా కూడా ఇదే.

ఒకాయనకి మొదటి ఎటాక్ లిఫ్టులో వచ్చింది. లిఫ్టు మానేశారు. మెట్లెక్కితే గుండె కొట్టుకుంటోందని మెట్లూ మానేశారు. తర్వాత బస్సు, ఆ తర్వాత ఒంటరిగా బయటికి వెళ్లడం. నా దగ్గరికి తమ్ముణ్ని వెంటబెట్టుకుని వచ్చారు. చొక్కా జేబులో ఒక మాత్రల స్ట్రిప్పు. తడిమి తడిమి దాని మీద అక్షరాలు అరిగిపోయాయి. ఒక్క మాత్రా వేసుకోలేదు, గడువు ఎప్పుడో దాటిపోయింది. అయినా అది లేనిదే గడప దాటరు.

తప్పుకున్న ప్రతిసారీ ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయే 'తప్పుకున్నాను కాబట్టే బతికాను' అని మెదడుకి నేర్పుతుంది. ఎటాక్ దానంతటదే దిగిపోతుందని తెలుసుకునే అవకాశమే రాదు. ఇలా ఒక ఎటాక్ కాస్తా డిజార్డర్‌గా ముదురుతుంది.

వైద్యం దీనికి ఎదురు దారిలో నడుస్తుంది. సీబీటీ అనే చికిత్సలో (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల వైద్యం) ఆ లక్షణాల్ని కావాలనే తెప్పిస్తాం. ముందు గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందేమీ లేదని చూసుకుని, ఉన్నచోటే పరుగు, సన్నటి స్ట్రాతో ఊపిరి, కుర్చీలో గిరగిరా తిరగడం. ఆయనతో పాటు నేనూ తిరిగాను. కళ్లు తిరిగి నేనే ముందు టేబుల్ పట్టుకున్నాను. నా దగ్గరికి వచ్చాక ఆయన నవ్వడం మొదటిసారి చూసింది అప్పుడే. ఆ తర్వాత లిఫ్టు ఒక్కో అంతస్తు చొప్పున, తమ్ముడు లేకుండా. స్ట్రిప్పు వదలడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

స్పృహ తప్పి పడిపోతారా? చాలా అరుదు. మామూలుగా స్పృహ తప్పేది బీపీ పడిపోతే. పానిక్‌లో అది పెరుగుతుంది. రక్తం చూస్తే కళ్లు తిరిగే వాళ్ల సంగతి వేరు.

కాగితం సంచిలో ఊపిరి తీయొచ్చా? వద్దు. అది గుండె సమస్యో ఆస్తమానో అయితే ప్రాణం మీదికొస్తుంది.

ఛాతీ నొప్పి మొదటిసారి వస్తే? పానిక్కేలే అని ఇంట్లో కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లండి. ఒకసారి గుండె బాగుందని డాక్టర్ తేల్చాక, అవే లక్షణాలకి వారం వారం ఈసీజీ తీయించుకోవడం మాత్రం పైన చెప్పిన స్ట్రిప్పు లాంటిదే.

మందులు జన్మంతా వాడాలా? చాలామందికి అక్కర్లేదు. దీనికి రోజూ వాడే ఎస్ఎస్ఆర్ఐలు (డిప్రెషన్‌కీ ఇచ్చే మందులు) పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కంగారు కాస్త పెరగనూవచ్చు. నాలుగు రోజులు వేసుకుని 'పడలేదు' అని ఆపేసేవాళ్లే ఎక్కువ. ఆపేముందు రాసిన డాక్టర్‌కి ఒక ఫోన్ చేయండి, డోసు తగ్గించి నెమ్మదిగా పెంచే వీలుంది. కంగారు తగ్గించే అల్ప్రాజోలం మాత్ర వెంటనే పనిచేస్తుంది నిజమే, అలవాటూ అంతే తొందరగా పడుతుంది. పక్కింటివాళ్ల చీటీ చూపించి మాత్రం కొనుక్కోకండి.