డిజిటల్ రేడియోకు జాతీయ ప్రమాణం: గోదావరి డెల్టా వైపు నుంచి చూస్తే

ప్రైవేటు రేడియో సంస్థలు డిజిటల్ ప్రసారాల్లోకి ఎలా మారాలన్న దానిపై టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 అక్టోబరు 3న తన సిఫార్సులను వెలువరించింది. దేశమంతటా ఒకే డిజిటల్ రేడియో ప్రమాణం ఉండాలన్నది వాటిలో కీలకమైనది. ఆ ప్రమాణం ఏదో మాత్రం ట్రాయ్ తేల్చలేదు. స్పెక్ట్రమ్ వేలం ద్వారానో, తగినదని తోచిన మరో మార్గంలోనో ప్రభుత్వమే తేల్చుకోవాలని చెప్పింది. కొత్త చానళ్లకు తొలి విడతలో ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైలతో పాటు హైదరాబాద్, బెంగళూరు తదితర తొమ్మిది నగరాలను, అంటే మొత్తం పదమూడింటిని సూచించింది. అదే నెల 28న మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఈ రెండింటికీ పైకి ఏ సంబంధమూ కనిపించదు. కానీ కరెంటు పోయి, సెల్ టవర్ల సిగ్నల్ పోయి, బయట గాలి హోరు తప్ప మరేమీ వినబడని రాత్రులు ఎలా ఉంటాయో తెలిసిన డెల్టా జనానికి, రేడియో ఎటు పోతోందన్న ప్రశ్న నగరాల్లో పాటల నాణ్యతకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. అందుకే ఈ వ్యవహారం ఇంతవరకు నడిచిన దారిని మొదటి నుంచి చూడవలసి ఉంది.

గోదావరి జిల్లాలకు తెలుగు ప్రసారాలు మొదట మద్రాసు నుంచి వచ్చాయి. అక్కడి ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. పదేళ్ల తర్వాత, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమయ్యాక డెల్టాకు తనదనుకోదగ్గ రేడియో దొరికింది. 837 కిలోహెర్ట్జ్ మీద వచ్చే విజయవాడ మీడియం వేవ్ ప్రసారం భక్తిరంజనితో తెల్లవారి, వార్తలతో, వ్యవసాయ కార్యక్రమాలతో రోజంతా సాగేది. ట్రాన్సిస్టర్లు ఇంటింటికీ చేరకముందు, సాయంత్రం పూట పంచాయతీ ఆఫీసు గోడకు బిగించిన లౌడ్‌స్పీకరు కింద అరుగు మీద కూర్చుని వినేవారు. సార్వాకు నారుమళ్లు ఎప్పుడు పోయాలో, దాళ్వాకు కాలువ నీళ్లు ఎప్పుడు వదులుతారో, దోమపోటుకు ఏ మందు కొట్టాలో ఆ పెట్టెలోంచే తెలిసేది.

మీడియం వేవ్ ఈ నేలకు అంతగా అచ్చిరావడానికి శాస్త్రపరమైన కారణం ఉంది. ఈ తరంగాలు నేలను అంటిపెట్టుకుని ప్రయాణిస్తాయి. రాతి నేల మీద త్వరగా నీరసించిపోయే ఆ తరంగాలు తడి నేల మీద, ఉప్పునీటి మీద చాలా దూరం సాగుతాయి. కాలువలు, చేలు, చెరువులు, ఆపైన సముద్రం ఉన్న డెల్టాలో ఒక్క 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటరు కోనసీమ లంకలతో పాటు తీరం దాటి వేటకు వెళ్లిన బోట్లకు కూడా వినిపించగలదు. సెట్టు లోపల ఏరియల్‌గా పనిచేసే చిన్న ఫెరైట్ కడ్డీ ఉంటుంది; గొంతు సన్నగిల్లినప్పుడు పెట్టెను కాస్త అటూ ఇటూ తిప్పితే మళ్లీ పుంజుకునేది అందుకే. పాలిథిన్ సంచిలో చుట్టి బోటులో వేలాడదీసిన చిన్న రేడియో తీరపు ఊళ్లలో చూడని వారుండరు.

ఆ ప్రసారానికి లోపాలూ ఉన్నాయి. 1975లో జెనీవాలో కుదిరిన ఒప్పందం ప్రకారం మన ప్రాంతంలో మీడియం వేవ్ చానళ్లను 9 కిలోహెర్ట్జ్ ఎడంతో పంచారు. 837 కూడా తొమ్మిది గుణిజమే. అంత ఇరుకు చోటులో సంగీతం సంగీతంలా వినిపించదు. రాత్రయితే దూరదేశాల కేంద్రాలు వచ్చి మీద పడతాయి. మెరుపు మెరిస్తే చెవిలో పటపటమంటుంది. ఈ ఇబ్బందులు లేని ఎఫ్ఎం 1977 జూలై 23న మద్రాసులో మొదలైంది. 2001లో బెంగళూరులో తొలి ప్రైవేటు ఎఫ్ఎం వచ్చింది. తర్వాతి విడతల్లో రాజమహేంద్రవరానికీ ప్రైవేటు ఎఫ్ఎం దక్కింది. నాణ్యత పెరిగింది గానీ పరిధి తగ్గింది. ఎఫ్ఎం తరంగం దాదాపుగా కంటిచూపు సాగినంత దూరమే వెళుతుంది. 10 కిలోవాట్ల పెద్ద ట్రాన్స్‌మిటరైనా సుమారు 60 కిలోమీటర్లు దాటితే బలహీనపడుతుంది. 2023 ఏప్రిల్‌లో దేశవ్యాప్తంగా ఒకేసారి ప్రారంభించిన ఆకాశవాణి ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు 91. ఒక్కోటి 100 వాట్లది. పాత మీడియం వేవ్ కేంద్రాలను ఒక్కొక్కటిగా మూస్తూ, ఇటువంటి చిన్నవాటిని పెంచుతూ పోవడమే ఇటీవలి ధోరణి. వందల కిలోమీటర్లు వినిపించిన గొంతు స్థానంలో ఊరి పొలిమేర దాకా వినిపించే గొంతును పెడితే, ఆ మధ్యలో ఉన్న లంకల సంగతేమిటన్నది చిన్న ప్రశ్న కాదు.

డిజిటల్ రేడియో ఆలోచన ఈ ఇరుకు నుంచే పుట్టింది, అయితే ఒక్కో చోట ఒక్కో విధంగా పెరిగింది. యూరపులో 1987లో యురేకా 147 పేరుతో మొదలైన పరిశోధన డాబ్ (డిజిటల్ ఆడియో బ్రాడ్‌కాస్టింగ్) పద్ధతికి దారితీసింది. నార్వే, బ్రిటన్ 1995లో దాన్ని ప్రసారాల్లోకి తెచ్చాయి. ఇందులో ఒక్కో కేంద్రానికి ఒక్కో ఫ్రీక్వెన్సీ ఉండదు. పదీ పదిహేను చానళ్లను కలిపి దాదాపు 1.5 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఒకే కట్టగా, పాత టీవీ బ్యాండులో పంపుతారు. నార్వే 2017లో జాతీయ ఎఫ్ఎం కేంద్రాలన్నిటినీ ఆపేసి డాబ్‌కు మారిపోయింది. జనం దట్టంగా ఉన్న చోట, కొత్తగా ట్రాన్స్‌మిటర్ల వల పరచగల స్తోమత ఉన్న చోట ఇది బాగా నడుస్తుంది.

అమెరికా వేరే దారి పట్టింది. ఉన్న స్టేషను ఫ్రీక్వెన్సీని కదపకుండా, దాని రెండు అంచుల్లో డిజిటల్ సంకేతాన్ని పొదిగే హెచ్‌డీ రేడియోకు అక్కడి ప్రసారాల నియంత్రణ కమిషన్ 2002లో అనుమతినిచ్చింది. అది ఒక ప్రైవేటు సంస్థ చేతిలోని సాంకేతికత; ఎఫ్ఎంలో మొత్తం 400 కిలోహెర్ట్జ్ దాకా చోటు తీసుకుంటుంది. దీనికి మీడియం వేవ్ రూపం కూడా ఉంది కానీ, అమెరికాలో చానళ్ల ఎడం 10 కిలోహెర్ట్జ్. అక్కడే అనలాగ్‌తో, అంటే పాత పద్ధతి ప్రసారంతో, కలిపి పంపినప్పుడు పొరుగు చానళ్ల మీదికి పొర్లుతుందన్న ఫిర్యాదులు వచ్చాయి. మన 9 కిలోహెర్ట్జ్ వరుసలో దాన్ని ఇమడ్చడం ఇంకా కష్టం.

మూడోది డీఆర్ఎం, అంటే డిజిటల్ రేడియో మోండియల్. షార్ట్ వేవ్, మీడియం వేవ్ ప్రసారకర్తలు 1998లో చైనాలోని గ్వాంగ్‌జౌలో కూడి ఏర్పరచుకున్న కూటమి దీన్ని రూపొందించింది. 9 లేదా 10 కిలోహెర్ట్జ్ చోటులోనే స్పష్టమైన ధ్వనిని పంపడం దీని ప్రత్యేకత. తర్వాత ఎఫ్ఎం బ్యాండుకు కూడా విస్తరించి అక్కడ 96 కిలోహెర్ట్జ్‌లో సరిపెట్టుకుంది. అంటే విజయవాడ వంటి మీడియం వేవ్ కేంద్రానికీ, రాజమహేంద్రవరం ఎఫ్ఎంకీ ఒకే ప్రమాణం, ఒకే సెట్టు సరిపోతాయి. మిగతా రెంటి కన్నా ఇది మనకు మేలని నేను భావించడానికి ప్రధాన కారణం ఇదే.

ఆకాశవాణి కూడా అటే మొగ్గింది. 2007లో ఢిల్లీలో పరీక్షలు జరిపి, 2009 జనవరిలో షార్ట్ వేవ్ డీఆర్ఎం ప్రసారాలు మొదలుపెట్టి, ఆ తర్వాతి సంవత్సరాల్లో 35 మీడియం వేవ్, కొన్ని షార్ట్ వేవ్ ట్రాన్స్‌మిటర్లను డీఆర్ఎంకు అనువుగా మార్చింది. ప్రపంచంలో ఇంత పెద్ద ఎత్తున మీడియం వేవ్‌ను డిజిటల్ చేసిన దేశం మరొకటి లేదు. తెలుగు వారి కేంద్రాలు కూడా అందులో ఉన్నాయి. అయినా ఆ సంగతి మన ఊళ్లలో ఎవరికీ తెలియదు. కారణం కఠినమైనదే: వినడానికి సెట్లు లేవు. పాత ట్రాన్సిస్టరులో డిజిటల్ సంకేతం మీద ముల్లు పెడితే చెవులు హోరెత్తే బుస్సుమనే శబ్దం తప్ప మాట వినిపించదు. కొత్త సెట్టు కొందామంటే మామూలు రేడియో ధరకు ఎన్నో రెట్లు. అదీ ఊళ్లోని దుకాణంలో దొరకదు. ఎవరూ కొనలేదు కనుక ఎవరూ చౌకగా తయారు చేయలేదు. చౌకగా లేవు కనుక ఎవరూ కొనలేదు. ట్రాన్స్‌మిటర్లకు పెట్టిన ఖర్చులో కొంత భాగమైనా తొలి లక్షల సెట్ల ధర తగ్గించడానికి పెట్టి ఉంటే కథ మరో విధంగా ఉండేది. ప్రసారం చేయడం ఒక శాఖ పని, సెట్ల సంగతి మార్కెట్టు పని అని అనుకోవడంలోనే ఈ ప్రయత్నం చిక్కుబడింది.

డీఆర్ఎం సెట్లు చేరిన చోటు ఒక్కటే ఉంది, అది కార్లు. 2017 నుంచి కొన్ని కంపెనీలు తమ కొత్త మోడళ్లలో ఈ రిసీవర్లను కంపెనీలోనే బిగించి ఇస్తున్నాయి. అటువంటి కార్లు ఇప్పుడు లక్షల్లో ఉన్నాయి. తుపాను వచ్చినప్పుడు కారులో కూర్చుని వార్తలు వినగలిగిన వారు కాకినాడలోనో, భీమవరంలోనో కొందరు ఉండవచ్చు. భైరవపాలెంలో వల బాగుచేసుకుంటున్న వారికి అది దక్కేది కాదు.

ఈలోగా వాదన మీడియం వేవ్ నుంచి ఎఫ్ఎంకు మళ్లింది. 2018 ఫిబ్రవరి 1న ట్రాయ్ ఇచ్చిన తొలి సిఫార్సుల్లో డిజిటల్ రేడియోకు కాలబద్ధమైన విధానం కావాలని చెప్పింది గానీ ప్రమాణాన్ని ఎంచలేదు. మిగిలిన ఎఫ్ఎం చానళ్ల వేలాన్ని ఏ ఒక్క సాంకేతికతతోనూ ముడిపెట్టవద్దని కూడా అన్నది. 2021లో ఎఫ్ఎం బ్యాండులో డీఆర్ఎం, హెచ్‌డీ రేడియో రెండింటినీ పరీక్షించి చూశారు. అప్పటి నుంచి పోటీ ప్రధానంగా ఆ రెంటి మధ్యే సాగుతోంది. ఒక పక్క తక్కువ చోటు, బహిరంగ ప్రమాణం, కార్లలో ఇప్పటికే ఉన్న రిసీవర్లు. మరో పక్క అమెరికా, కెనడా, మెక్సికోల్లో ఏళ్ల తరబడి నడిచిన అనుభవం, పాత ఎఫ్ఎం స్టేషనును కదపనవసరం లేదన్న సౌలభ్యం. 2024 సెప్టెంబరులో ట్రాయ్ మళ్లీ సంప్రదింపుల పత్రం విడుదల చేసి, 2025లో ఇచ్చిన సిఫార్సుల్లో ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒక అనలాగ్, మూడు డిజిటల్ చానళ్లు, ఒక డేటా చానల్ నడిపే సహ ప్రసార పద్ధతిని సూచించింది. అనలాగ్‌ను ఎప్పుడు ఆపాలన్నది తర్వాత చూడవచ్చని చెప్పింది. ఆ చివరి మాట సమంజసమైనది. చేతిలో కొత్త సెట్టు లేని వారి పాత సెట్టును మూగబోనివ్వకపోవడం కనీస మర్యాద.

అయితే ఈ చర్చంతా ఎఫ్ఎం బ్యాండుకు, వేలం డబ్బులు వచ్చే నగరాలకు కుదించుకుపోయింది. తీరంలో రేడియో అవసరాన్ని గుర్తుచేసుకోవాలంటే 1996 నవంబరు 6ను తలుచుకోవాలి. ఆనాటి తుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటి, కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసి, వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. చనిపోయిన వారిలో సముద్రం మీద ఉన్న జాలర్లు ఎందరో. ఇప్పుడు హెచ్చరికలు చాలా మెరుగుపడ్డాయి, సెల్‌ఫోన్లకు సందేశాలు వస్తున్నాయి, జనాన్ని ముందుగానే పునరావాస కేంద్రాలకు తరలిస్తున్నారు. కానీ ఆ సందేశాలన్నీ టవరు నిలబడి, దాని బ్యాటరీ పనిచేసినంత వరకే. వందల కిలోమీటర్ల దూరాన, గాలి తాకిడికి అందని చోట నిలిచిన ఒక్క ట్రాన్స్‌మిటరు, ఇక్కడ ఏమీ మిగలకపోయినా మాట్లాడగలదు.

డీఆర్ఎంలో అత్యవసర హెచ్చరిక సదుపాయం కూడా ఉంది. తగిన సెట్టు స్టాండ్‌బైలో ఉన్నా, మరో కేంద్రం వింటున్నా, హెచ్చరిక సంకేతం రాగానే అదే ఆ ప్రసారానికి మారి గొంతు విప్పుతుంది. తెర ఉంటే తెలుగులో అక్షరాలు కూడా చూపగలదు. డిజిటల్ బలహీనతను కూడా దాచకూడదు. అనలాగ్ సిగ్నల్ క్షీణించినప్పుడు బురబురల మధ్య మాట ఎంతో కొంత పట్టుబడుతుంది. డిజిటల్ ఒక హద్దు దాటితే ఒక్కసారిగా మౌనం వహిస్తుంది. ఉష్ణమండలపు ఉరుములూ మెరుపులూ మీడియం వేవ్‌ను ఎక్కువగా కలచివేస్తాయి కనుక, పరీక్షలు ఢిల్లీలోనో జైపూర్‌లోనో జరిపితే చాలదు. అక్టోబరు, నవంబరు నెలల్లో అంతర్వేది మొగ దగ్గర, ఓడలరేవు దగ్గర, తీరానికి దూరంగా బోటులో సెట్టు పెట్టి విని చూడాలి.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్ఎం చానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో కాకినాడ, భీమవరం, ఏలూరు ఉన్నాయి. అంటే డెల్టాకు త్వరలో రాబోయే కొత్త రేడియో అనలాగ్ ఎఫ్ఎమే. డిజిటల్ ముందుగా హైదరాబాదుకు వస్తుంది. వరస అలాగే ఉండనివ్వండి, అభ్యంతరం లేదు. కానీ హైదరాబాదు కోసం ఎంచిన ప్రమాణమే రేపు భీమవరానికీ వస్తుంది కనుక, అది ఎఫ్ఎంకు మాత్రమే పనికొచ్చేదైతే విజయవాడ మీడియం వేవ్‌కు భవిష్యత్తు అక్కడితో మూసుకుపోతుంది. ప్రభుత్వం ప్రమాణాన్ని ప్రకటించేటప్పుడు రెండు షరతులు రాతపూర్వకంగా ఉండాలి: ఆ ప్రమాణం ఎఫ్ఎం, మీడియం వేవ్ రెండింటికీ వర్తించాలి; దేశంలో అమ్మే ప్రతి డిజిటల్ సెట్టూ, కారులోదైనా చేతిలోదైనా, రెండు బ్యాండ్లనూ అత్యవసర హెచ్చరికనూ అందుకోవాలి. ఆ షరతులు వేలం నోటిఫికేషను వెలువడక ముందే చేరాలి. ఆ తర్వాత చేర్చమని అడిగితే, అప్పటికే కోట్లు చెల్లించిన సంస్థలు ఒప్పుకోవు.