ట్రక్ క్యాంపర్‌కి జనరేటర్ ఎక్కడ బిగించాలి? అపోహలు - వాస్తవాలు

ట్రక్ క్యాంపర్లకు, అంటే ట్రక్కు వెనక తొట్టిలో ఎక్కించుకుని తిరిగే చిన్న గదులకు, ట్రేలు, స్టాండ్లు తయారుచేసి బిగించే పని నాది. జనరేటర్ కోసం వచ్చేవాళ్లు ముందుగా అడిగేది "వెనక పెట్టమంటారా, ముందా, పైనా?" అని. నేను ఎదురు అడిగేది ఒకటే: జనరేటర్‌ని బండి మీద ఉంచే నడుపుతారా, దించి నడుపుతారా? మోసుకెళ్లడానికి పనికొచ్చే చోట్లు రెండు మూడు ఉన్నాయి. వాటిలో నిశ్చింతగా నడపడానికి పనికొచ్చేది మాత్రం ఒక్కటీ లేదు. ఇదంతా చేత్తో ఎత్తగలిగే రెండు కిలోవాట్ల ఇన్వర్టర్ జనరేటర్ల గురించే. ఫ్యాక్టరీలోనే ప్రత్యేకమైన అరలో బిగించి వచ్చే జనరేటర్ల లెక్క వేరు.

అపోహ: వెనక బంపర్ మీద పెట్టి, సైలెన్సర్‌ని బయటివైపు తిప్పితే పొగ లోపలికి రాదు.

భయపడాల్సింది కంటికి కనిపించే పొగకు కాదు, అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి. దానికి రంగు లేదు, వాసన లేదు. బరువు దాదాపు గాలి అంతే, కాబట్టి కిందికి దిగిపోదు, పైకి లేచిపోదు, గాలి ఎటు తీసుకెళ్తే అటు పోతుంది. ఇప్పుడు క్యాంపర్ ఆకారం చూడండి: నిలువు గోడల పెట్టె. ముందు నుంచి గాలి కొట్టినప్పుడు వెనక గోడ దగ్గర ఒత్తిడి తగ్గి, గాలి సుడి తిరిగి మళ్లీ ఆ గోడవైపే వస్తుంది. సైలెన్సర్ బయటికి చూస్తున్నా, అది వదిలిందంతా తిరిగి తలుపు సందుల్లోకి, కిటికీల్లోకి చేరగలదు. వాడిన బండ్లలో జనరేటర్ దగ్గరి వెనక గోడ మీద, తలుపు రబ్బరు అంచున సన్నని మసి పొర కనిపిస్తుంటుంది. మసి అక్కడిదాకా వచ్చిందంటే వాయువు కూడా వచ్చినట్టే.

"కిటికీలు తెరిచి పడుకుంటాం కదా" అంటారు. ఒక్కోసారి అది లోపలికి వచ్చే దారి ఆ కిటికీయే. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్‌ని రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే కొంచెం కొంచెంగా, గంటల తరబడి పీల్చినా ప్రమాదమే. తలనొప్పి, వికారం, మగత లాంటివి మెలకువగా ఉన్నవాళ్లకైనా తెలుస్తాయి, నిద్రలో ఉన్నవాళ్లకు అదీ తెలియదు. అమెరికాలోని వినియోగ ఉత్పత్తుల భద్రతా కమిషన్ ఇళ్ల విషయంలో చెప్పేది కనీసం 20 అడుగులు, అంటే సుమారు 6 మీటర్ల దూరం, సైలెన్సర్ అవతలివైపు. పలుచటి గోడలున్న క్యాంపర్‌కి అంతకంటే తక్కువ చాలుతుందనుకోవడానికి కారణమేమీ లేదు. బంపర్ మీద పెట్టిన జనరేటర్ మీ మంచానికి ఎంత దూరంలో ఉంటుందో ఒకసారి టేపు పెట్టి కొలవండి.

దించాక కూడా గాలివాటు చూడాలి. గాలి క్యాంపర్ వైపు నుంచి జనరేటర్ వైపు వీచేలా పెట్టాలి, అటుపక్క ఇంకొకరి క్యాంపర్ లేదని చూసుకోవాలి.

అపోహ: కొత్త మోడళ్లలో కార్బన్ మోనాక్సైడ్ సెన్సర్ ఉంది, జనరేటర్ దానంతటదే ఆగిపోతుంది.

ఆ సెన్సర్ ఉండేది జనరేటర్‌లో. తన చుట్టూ వాయువు పేరుకుంటే ఇంజన్ ఆపుతుంది. గాలి ఆ వాయువును జనరేటర్ దగ్గర నిలవనీయకుండా మీ కిటికీలోకి తోసేస్తుంటే దానికేం తెలుస్తుంది? సెన్సర్ ఉండటం మంచిదే, ఉంటే తీసేయమని ఎవరూ అనరు. కానీ మంచం దగ్గర పనిచేసే అలారం లేకపోతే అది ఉన్నా లేనట్టే. సైలెన్సర్‌కి పొడవాటి గొట్టం తగిలించి పైకప్పు దాకా తీసుకెళ్లమని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. వణుకుడికి ఆ జాయింట్లు వదులైతే వాయువు బయటికి వచ్చేది మళ్లీ గోడ పక్కనే. గొట్టం పెట్టినా దూరం తగ్గించడానికి నేను ఒప్పుకోను.

అపోహ: దూరం పెడితే వైరులోనే కరెంటు పడిపోతుంది.

2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 8 మీటర్లు తీసుకోండి. 15 ఆంపియర్ల లోడ్ మీద, పోను రాను కలిపి తగ్గేది రెండు వోల్టుల లోపే. 120 వోల్టుల సరఫరాలో కూడా అది రెండు శాతం దాటదు. ఏసీ స్టార్ట్ అవక ఇబ్బంది పడుతుంటే కారణం సాధారణంగా వైరు కాదు, కంప్రెసర్ మొదట లాగే కరెంటు. దూరంతో వచ్చే లాభం వేరే ఉంది. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. మీటరున్నర నుంచి ఆరు మీటర్లకు జరిపితే 12 తగ్గినట్టు. ఈ ఒక్క మాట చెప్తే చాలామంది వెంటనే ఒప్పుకుంటారు, ప్రాణభయం కంటే నిద్ర మీదే ప్రేమ ఎక్కువేమో!

అపోహ: మొత్తం పాతిక కిలోలే, ఎక్కడ పెడితే ఏముంది?

హోండా ఈయూ2200ఐ ఖాళీ బరువు 21 కిలోల చిల్లర. నిండా పట్టే మూడున్నర లీటర్ల పెట్రోలు, ఆయిల్ కలిపితే 25 దగ్గరికి వస్తుంది. దానికి ఇనుప ట్రే, దాన్ని హిచ్‌కి (ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే ఇనుప అమరికకి) కలిపే అడాప్టర్, తాళం గొలుసు కలపండి. ఉజ్జాయింపుగా 45 కిలోలు అనుకుందాం. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య 3.6 మీటర్లున్న ట్రక్కులో, వెనక యాక్సిల్‌కి మీటరున్నర వెనగ్గా ఈ బరువు వేలాడితే, వెనక యాక్సిల్ మీద పడేది 45 కాదు, దాదాపు 64 కిలోలు. మిగతా 19 కిలోలు ముందు చక్రాల మీది నుంచి లేచిపోయినవి. క్యాంపర్ ఎక్కించగానే చాలా ట్రక్కుల వెనక యాక్సిల్ పరిమితికి చేరువవుతుంది, దాని మీద ఇది. క్యాంపర్ వెనక్కి పొడుచుకొచ్చి హిచ్‌కి ఎక్స్‌టెన్షన్ వేస్తే మీటరున్నర కాస్తా రెండు దాటుతుంది, పైగా ఎక్స్‌టెన్షన్ వేసిన హిచ్ మోయగల బరువు తగ్గుతుంది. గుంటల రోడ్డు మీద తిరిగివచ్చిన ట్రేలను హిచ్‌కి పట్టి ఉంచే పిన్ను తీసి చూడండి, గుండ్రటి రంధ్రం కోలగా సాగి ఉంటుంది.

అపోహ: అయితే ముందు బంపర్ మీద పెడితే సరి.

బరువు లెక్కలో నిజమే, ముందు యాక్సిల్‌కి బరువు తిరిగొస్తుంది. కానీ క్యాంపర్ మోస్తూ ఘాట్ ఎక్కే ట్రక్కుకి రేడియేటర్ గాలి ప్రాణం లాంటిది. గ్రిల్లుకి అడ్డం రాకుండా, లైట్లని మూయకుండా, కిందగా పెట్టగలిగితేనే ముందు చోటు పనికొస్తుంది. అలా కుదిరే ట్రక్కులు తక్కువ.

పైకప్పు సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. పాతిక కిలోలతో నిచ్చెన ఎక్కడం, పెట్రోలు ఒలికితే కప్పు మీదే పారడం, పక్కనే వెంట్లు తెరిచి ఉండటం. వద్దు.

అపోహ: ప్రయాణంలో లోపల పెట్టుకుంటే దుమ్ము పడదు, దొంగల టెన్షన్ ఉండదు.

పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. కిందికి దిగి నేల మీద పాకుతుంది. క్యాంపర్‌లో ఫ్రిజ్, హీటర్, గీజర్ మంటలు కూడా చాలావరకు కిందనే ఉంటాయి. ట్యాంకు ఖాళీ చేసినా ఆవిరి మిగులుతుంది. లోపలే పెట్టాలంటే గది నుంచి పూర్తిగా మూసేసి, అడుగున బయటికి గాలి రంధ్రాలున్న అర కావాలి. ఆ అరలోనే నడపాలనుకోకండి. తయారీదారులు చుట్టూ సుమారు మీటరు ఖాళీ వదలమంటారు. పెట్టెలో పెడితే ఇంజన్ తన వేడి గాలినే మళ్లీ పీల్చి, పవర్ తగ్గి, ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

అపోహ: కదలకుండా గట్టిగా బిగిస్తే చాలు.

జనరేటర్ కింద నాలుగు రబ్బరు కాళ్లు ఉండేది వణుకుడు మింగడానికి. రాట్చెట్ బెల్టుని (మీటతో బిగించే పట్టీని) శక్తికొద్దీ లాగితే అవి అణిగిపోతాయి, ఆ వణుకంతా ట్రేలోకి, వెల్డింగుల్లోకి పోతుంది. రబ్బరు కాళ్లు ఉబ్బకుండా, జనరేటర్ జరగకుండా ఉన్నంత బిగువు చాలు. కదిలే ముందు పెట్రోలు వాల్వు, మూత మీది గాలి మీట రెండూ ఆపాలి. వాల్వు తెరిచి ఉంచితే కుదుపులకు కార్బ్యురేటర్‌లోని సూది నిలవక, పెట్రోలు సిలిండర్‌లోకి, అక్కడి నుంచి ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసినప్పుడు ఆయిల్ పలచగా, మట్టం పెరిగి, పెట్రోలు వాసన కొడితే స్టార్ట్ చేయకండి, ముందు ఆయిల్ మార్చండి.

నడుస్తున్న బండిలో ఏసీ కోసం జనరేటర్ వేసుకుంటామనేవాళ్లకు నా జవాబు కుదరదనే. బండి వెనక సుడి మరీ ఎక్కువ, పైగా మలుపుల్లో ఆయిల్ పక్కకు పోయి, ఆయిల్ మట్టం చూసే సెన్సర్ ఇంజన్ ఆపేస్తుంటుంది.

నేను ఎక్కువగా బిగించేది వెనక రిసీవర్‌కి (హిచ్‌లోని చదరపు గొట్టానికి), ఎక్స్‌టెన్షన్ లేకుండా, నడుము ఎత్తులో ఉండే చిన్న ట్రే. దాని మీద నుంచి ఒక్క మనిషి దించగలగాలి, లేకపోతే రెండో రాత్రికే దించడం మానేస్తారు. నంబర్ ప్లేటు, వెనక లైట్లు కనిపించాలి. గొలుసు జనరేటర్‌ని దించాక కూడా ట్రక్కుకి కట్టేంత పొడవుండాలి. మొదటి రోజు ప్రయాణం అయ్యాక నట్లన్నీ మళ్లీ ఒకసారి బిగించుకోండి, కొత్త ట్రే కుదురుకునేది అప్పుడే.