వెనిగర్ పరీక్ష పేదింటి మహిళ దాకా ఎందుకు రాలేదు

గర్భాశయ ముఖద్వారానికి దూదితో 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే పలుచని వెనిగర్ లాంటి ద్రావణం, అద్ది ఒక్క నిమిషం ఆగితే, కణాల్లో క్యాన్సర్‌కు దారితీసే మార్పు మొదలైన చోట తెల్లటి మచ్చ తేలుతుంది. దాన్ని పట్టుకోవడానికి మంచి వెలుతురు, శిక్షణ పొందిన కళ్లు చాలు. ‘వయా’ అనే ఈ పరీక్షకు ల్యాబ్ అక్కర్లేదు, ఫలితం కోసం మరో రోజు రానక్కర్లేదు. ముఖద్వారం నుంచి కణాలు తీసి మైక్రోస్కోప్‌లో చూసే పాప్ స్మియర్ అంతకుముందు నుంచీ ఉన్నా, దానికి స్లైడు చదవగల నిపుణులు కావాలి కాబట్టి అది మన దగ్గర చాలావరకు పట్టణ ఆసుపత్రులు దాటి రాలేదు.

టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో ముంబై మురికివాడల్లో సుమారు 1.5 లక్షల మంది మహిళలతో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. వయా చేసింది వైద్యులు కాదు, పదో తరగతి చదివి కొన్ని వారాల శిక్షణ పొందిన స్థానిక మహిళలు. రెండేళ్లకోసారి పరీక్ష జరిగిన బస్తీల్లో సర్వైకల్ (గర్భాశయ ముఖద్వార) క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గినట్టు 2013లో ఫలితాలు వెల్లడయ్యాయి. తమిళనాడులోని దిండిగల్‌లో ఒక్కసారి చేసిన వయాతోనే మరణాలు 35 శాతం తగ్గాయని 2007లోనే తేలింది.

అదే 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలతో ఆరోగ్యశ్రీ ప్రారంభమైంది. క్యాన్సర్ చికిత్స కోసం పొలం అమ్ముకోవలసిన ఎన్నో కుటుంబాలను ఆ పథకం నిలబెట్టింది, అందులో సందేహం లేదు. అయితే బీమా లెక్కలో రోగం ఖాయమైన మనిషే లబ్ధిదారు. ఏ బాధా లేక కూలికి వెళుతున్న ముప్పై అయిదేళ్ల స్త్రీ ఆ లెక్కలోకి రాదు.

పరీక్ష కన్నా ముందు ఆమెకు భయం చేరింది. తెల్లబట్ట అవుతోందని ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లిన వారికి ‘గర్భసంచి తీయించకపోతే క్యాన్సర్ అవుతుంది’ అని చెప్పడం మన పల్లెల్లో ఎంత మామూలో, ఆ మాట విని ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లను అడిగితే తెలుస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తొలగించినవారు దేశంలో 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఈ వివరం చదివినప్పుడల్లా, వారిలో ఎందరికి ముందుగా ఆ నిమిషం పరీక్ష జరిగి ఉంటుందన్న ప్రశ్న నన్ను వదలదు.

కేంద్రం 2010లో 100 జిల్లాల్లో క్యాన్సర్, మధుమేహం లాంటి అసాంక్రమిక (ఒకరి నుంచి ఒకరికి అంటని) వ్యాధుల కార్యక్రమం ప్రారంభించింది. 30-65 ఏళ్ల మహిళలకు అయిదేళ్లకోసారి వయా చేయాలన్న మార్గదర్శకాలు మాత్రం 2016లో వచ్చాయి. 2019-21 సర్వే నాటికి దేశంలో 30-49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా సర్వైకల్ పరీక్ష జరిగినవారు 1.9 శాతమే. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లు ప్రతి మంగళవారం మహిళా సిబ్బందితోనే ఈ పరీక్షలు చేయడం, సిగ్గుతో ఆగిపోయేవారికి ఒక దారి తెరిచింది.

మచ్చ కనిపించాక కథ మళ్లీ మొదటికి వస్తుంది. ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే కాల్పోస్కోపీ పరీక్ష కోసం పెద్దాసుపత్రికి వెళ్లాలంటే ఆ రోజు కూలి పోతుంది, తోడుగా మరొకరు రావాలి, పైగా ఒంట్లో ఏ నొప్పీ లేదు. అటువంటి మచ్చను పరీక్ష జరిగిన చోటే వేడితో కాల్చి తొలగించే థర్మల్ అబ్లేషన్ పరికరాన్ని చేత్తో పట్టుకుపోవచ్చు, ఆ పద్ధతికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది కూడా. అది మండల స్థాయి ఆరోగ్య కేంద్రానికి వస్తే చాలామందికి ఆ రెండో ప్రయాణమే తప్పుతుంది.